మామిడికాయలు మగ్గేటప్పుడు కుళ్లకుండా వేప నూనె, పసుపు నీళ్లు పనిచేస్తాయా?

కోసినప్పుడు నిగనిగలాడే బంగినపల్లి కాయలకు గడ్డిలో మగ్గేసరికి నల్ల మచ్చలు, తొడిమ దగ్గర కుళ్లు వస్తున్నాయన్నారు. మందుల జోలికి పోకుండా వేప నూనెతోనో పసుపు నీళ్లతోనో ఆపవచ్చా అని అడిగారు. నూజివీడు వైపు మాకూ బంగినపల్లి, చిన్నరసం చెట్లున్నాయి. ఆ రెండూ వాడి చూశాం. నన్నడిగితే వాటిని పక్కన పెట్టి వేడి నీళ్లను నమ్ముకోండి.

ఆ మచ్చ తెగులు మీ గదిలో పుట్టింది కాదు. పూత, పిందె దశలో మంచో జల్లో పడినప్పుడే శిలీంధ్రం తొక్కలోకి దిగి అక్కడే అణిగి ఉంటుంది. పచ్చికాయ తొక్కలో రిసార్సినాల్ జాతి పదార్థాలుంటాయి, అవి దాన్ని ఎదగనివ్వవు. కాయ పండేకొద్దీ అవి తగ్గిపోయి తెగులు విజృంభిస్తుంది. పైపైన పూసిన పూత లోపల దాగినదాన్ని ఏం చేయగలదు? పైగా పసుపులోని కర్కుమిన్ నీళ్లలో కరగదు, కాయకు రంగు అంటడమే మిగిలింది. వేప నూనె వాసన తొక్కను వదలదు, కొనేవాళ్లు ముక్కు దగ్గర పెట్టుకోగానే వెనక్కి ఇచ్చేస్తారు.

మేము కాయను తొడిమతో సహా చిక్కంతో దించి, నేల తగలకుండా బుట్టలోకి తీసుకుంటాం. తొడిమను సెంటీమీటరు మేర ఉంచి కత్తిరించి, సొన కారిపోయేదాకా తలకిందులుగా ఉంచుతాం. సొన తొక్క మీద పారితే అక్కడ కాలినట్టు మచ్చ పడుతుంది. అదే రోజు 52 డిగ్రీల నీళ్లలో 10 నిమిషాలు ముంచుతాం. దీనికి థర్మామీటరు ఉండి తీరాలి, చేయి పెట్టి చూసే అంచనా పనికిరాదు. 55 దాటితే తొక్క కమిలిపోతుంది, బాగా తగ్గితే శిలీంధ్రం చావదు. కాయలు దించగానే నీళ్ల వేడి పడిపోతుంది కాబట్టి పెద్ద గంగాళంలో కొద్ది కాయలే వేసి, పక్కన మరిగే నీళ్లు సిద్ధంగా ఉంచుకుని పోస్తూ కలుపుతుంటాం. ముదరని కాయ ఈ వేడికి ఓర్వదు. తీసిన వెంటనే చన్నీళ్లలో చల్లార్చి, నీడలో ఫ్యాను గాలికి పూర్తిగా ఆరబెట్టాలి. తడి కాయను గడ్డిలో పెడితే పడిన శ్రమంతా వృథా. గడ్డిలోనూ కుప్ప పోయకుండా ఒకే వరుసగా పేర్చండి.

వాములోని థైమాల్, లవంగ నూనెలోని యూజినాల్ నిజంగానే శిలీంధ్రాన్ని చంపగలవు. అయితే వాటి ఆవిరి నిలవాలంటే మూసిన పెట్టె కావాలి, గడ్డిలో ఎగిరిపోతుంది. మోతాదు మించితే తొక్క నల్లబడుతుంది. కాయ దూరం వెళ్లాలంటే రొయ్యల పెంకు నుంచి తీసే కైటోసాన్ పూత మేలు. అది పండటాన్ని నెమ్మదింపజేస్తుంది, ఆ మేరకు తొక్కలోని రక్షణా నాలుగు రోజులు ఎక్కువ నిలుస్తుంది. దాన్ని వేడి నీళ్ల తరువాతే వేయాలి, వాటికి బదులుగా కాదు.

తొడిమ కుళ్లు మాత్రం వేడి నీళ్లకు అంత తేలిగ్గా లొంగదు. ఆ శిలీంధ్రం ఎండుపుల్లల్లో కాపురముండి తొడిమలోకి చేరుతుంది. ఈసారి కోత ముగియగానే చెట్లలోని ఎండుకొమ్మలన్నీ తీయించి, తోట బయటకు చేర్చి తగలబెట్టించండి.