నోట్సుకు ట్యాబ్: ముందు పెన్ను చూడండి, తర్వాతే పేరు

ప్రశ్న: మా అమ్మాయి నెల్లూరులోని ఒక జూనియర్ కళాశాలలో ఇంటర్ ఎం.పి.సి. చదువుతూ రోజూ బస్సులో వెళ్లి వస్తోంది. తరగతిలో నోట్సు రాసుకోవడానికి ట్యాబ్ తెచ్చుకోవచ్చని, అందులో సిమ్ మాత్రం ఉండకూడదని కళాశాలవారు చెప్పారు. తను ఎనిమిదో తరగతిలో ఉండగా ప్రభుత్వం ఇచ్చిన ట్యాబ్ ఇంట్లోనే ఉంది. దానికే ఒక పెన్ను కొంటే సరిపోతుందా, లేక కొత్తది కొనాలా? కొత్తదైతే ముప్పై వేల రూపాయల దాకా పెట్టగలను.
— ఒక తండ్రి, బుచ్చిరెడ్డిపాళెం

జవాబు: పాఠాలు చూడటానికి ఆ పాత ట్యాబ్ ఇప్పటికీ పనికి వస్తుంది కానీ, నోట్సు రాయడానికి పనికి రాదు. 2022 డిసెంబరులో ఎనిమిదో తరగతి పిల్లలకు పంచినది శాంసంగ్ గెలాక్సీ ట్యాబ్ ఏ7 లైట్. దాని తెర 8.7 అంగుళాలు. నిలువుగా పట్టుకుంటే తెర వెడల్పు పదకొండు సెంటీమీటర్ల పైచిలుకు మాత్రమే ఉంటుంది కనుక, ఇరవై ఒక్క సెంటీమీటర్ల వెడల్పున్న ఏ4 పేజీ అందులో దాదాపు సగానికి కుంచించుకుపోతుంది. అంతకన్నా పెద్ద ఇబ్బంది ఏమిటంటే, పెన్నును గుర్తించే పొర దాని తెర కింద లేదు. దానిమీద ఏ పెన్నుతో రాసినా ట్యాబ్ దానిని వేలిగానే లెక్కిస్తుంది. గీత లావుగా పడుతుంది, అరచేయి ఆనిన చోటల్లా పిచ్చిగీతలు వస్తాయి.

కాబట్టి కొత్తది కొనేటప్పుడు మొదట తేల్చుకోవలసింది పెన్ను సంగతే. నమ్మదగిన పెన్నులు ప్రధానంగా రెండు రకాలు. శాంసంగ్ ఎస్ పెన్ వంటి వాటికి రాయడానికి బ్యాటరీ అక్కరలేదు. తెర కింద ఉండే పొర విద్యుదయస్కాంత క్షేత్రం ద్వారా పెన్నుకు కావలసిన శక్తిని అందిస్తూ, మొన ఎక్కడ ఉన్నదో, ఎంత ఒత్తిడి పడుతున్నదో కనిపెడుతుంది. ఐప్యాడ్ మీద రాసే యాపిల్ పెన్సిల్ బ్యాటరీతో పనిచేస్తుంది, అప్పుడప్పుడు ఛార్జింగ్ పెట్టాలి. ఈ రెండింటిలోనూ పెన్ను దగ్గరకు వచ్చిందని ట్యాబ్‌కు తెలుస్తుంది కనుక, చేయి తెరమీద ఆనించి నిశ్చింతగా రాసుకోవచ్చు. “ఏ ట్యాబ్‌కైనా పనిచేస్తుంది” అని అట్టపెట్టె మీద రాసి అమ్మే చవక పెన్నుల జోలికి మాత్రం వెళ్లవద్దు. అన్నింటికీ పనిచేస్తుందంటే వేలు చేసే పనికి మించి అది చేయదన్నమాట.

కంపెనీ పేరు ఒకటే అయినంత మాత్రాన పెన్ను పనిచేస్తుందని అనుకోకూడదు. గెలాక్సీ ట్యాబ్ ఏ9 ప్లస్ తెర పెద్దదే, ధర తక్కువే, కానీ దానిమీద ఎస్ పెన్ పనిచేయదు. ట్యాబ్ ఎస్6 లైట్, ఎస్10 లైట్‌లకు మాత్రం పెన్ను పెట్టెలోనే వస్తుంది. మీరు చెప్పిన సొమ్ముకు నా ఓటు ఈ రెండింటిలో కొనే రోజు ధరకు అందేదానికే. రెండూ అందితే ఎస్10 లైట్ తీసుకోండి. ఇక ఐప్యాడ్ విషయానికి వస్తే, 2025 మార్చిలో వచ్చిన మామూలు రకం మన దేశంలో 34,900 రూపాయలతో మొదలైంది, పెన్సిల్ విడిగా కొనాలి. తెర ఆకారంలో మాత్రం అదే మేలు. నిడివికీ వెడల్పుకూ ఉన్న నిష్పత్తి ఏ4 కాగితానికి బాగా దగ్గరగా ఉంటుంది కనుక, పేజీ మొత్తం అసలు వెడల్పులో ముప్పాతిక వంతు సైజులో తెరమీద కనిపిస్తుంది. ఎస్6 లైట్‌లో అది మూడింట రెండు వంతుల లోపు సైజుకే కుంచించుకుపోతుంది. అయినా ఆ తేడా కోసం అప్పు చేయనవసరం లేదు.

ట్రంకురోడ్డు దుకాణాలకు వెళ్లేటప్పుడు అమ్మాయిని వెంట తీసుకువెళ్లండి, ఎందుకంటే రాయవలసిన చేయి తనదే. అమ్మేవారు కెమెరా గురించి, పాటల నాణ్యత గురించి ఎక్కువగా చెబుతారు, విని ఊరుకోండి. ప్రదర్శనకు పెట్టిన ట్యాబ్‌లో నోట్సు యాప్ తెరిపించి, నోటుపుస్తకంలో రాసే సైజులోనే “జ్యోత్స్న”, “స్వాతంత్ర్యం” వంటి మాటలు రాయించండి. ఒత్తులు ఒకదానిమీద ఒకటి పడి ముద్దకట్టకుండా విడివిడిగా కనిపించాలి. తర్వాత సమాకలని (ఇంటిగ్రల్) గుర్తు వేసి, దాని పైనా కిందా ఉండే చిన్న అంకెలను రాయమనండి, ఎం.పి.సి. విద్యార్థికి నిత్యం కావలసినది అదే. స్కేలు ఆనించి ఏటవాలు గీతను చాలా నెమ్మదిగా గీయిస్తే, మంచి పెన్నుతో గీత తిన్నగా వస్తుంది, నాసి రకమైతే అలలు అలలుగా వస్తుంది. మొనకూ పడుతున్న గీతకూ మధ్య ఎడం కనిపిస్తున్నదేమో పక్కనుంచి వంగి చూడండి. అద్దానికీ తెరకూ మధ్య ఖాళీ ఉన్న వాటిలో, మందపాటి గార్డు అతికించిన వాటిలో ఆ ఎడం ఎక్కువగా తెలుస్తుంది. కాగితంలా గరుకుగా ఉండే గార్డు రాతకు హాయిగానే ఉంటుంది కానీ, మొనను త్వరగా అరగదీస్తుంది.

మిగిలినవి చిన్న విషయాలు. కళాశాలవారి నిబంధన ఎలాగూ ఉంది కనుక సిమ్ లేని వైఫై రకమే కొనండి, కొంత డబ్బు కూడా మిగులుతుంది. ర్యామ్ నాలుగు జీబీకి తగ్గకూడదు. నోట్సుకు 64 జీబీ చాలు, వీడియో పాఠాలు దాచుకునేటట్లయితే 128 తీసుకోండి. వేసవిలో మాత్రం కాస్త జాగ్రత్త అవసరం. ఐప్యాడ్‌ను 35 డిగ్రీలు దాటని చోట వాడమని యాపిల్ చెబుతుంది, మన నెల్లూరులో మే నెల ఎండ నలభై దాటుతుంది. బస్సు కిటికీ పక్కన ఎండ పడే చోట సంచి పెట్టవద్దని అమ్మాయికి చెప్పండి. రాసిన నోట్సును వారానికి ఒకసారైనా పీడీఎఫ్‌గా మార్చి మీ ఫోనులోకో, ఇంటి కంప్యూటరులోకో పంపించుకోవాలి. పరీక్ష రాయవలసింది కాగితం మీదనే కాబట్టి, పెద్ద ప్రశ్నల జవాబులు, లెక్కల సాధన పుస్తకంలోనే సాగనివ్వండి.

ప్రశ్న: తొమ్మిదో తరగతి చదివే మా అబ్బాయి పెన్ను వద్దు, కీబోర్డు ఉన్న ట్యాబ్ కావాలంటున్నాడు. టైపు చేస్తే నోట్సు త్వరగా అవుతుందనేది వాడి వాదన. ఒప్పుకోవచ్చా?
— ఒక ఉపాధ్యాయిని, ఒంగోలు

జవాబు: త్వరగా అవుతుందన్న మాట నిజమే, చిక్కు కూడా అక్కడే ఉంది. 2014లో అమెరికాలో ప్రచురితమైన ఒక ప్రసిద్ధ పరిశోధనలో, టైపు చేసిన విద్యార్థులు పాఠాన్ని మాటకు మాట దించుకున్నారనీ, చేతితో రాసినవారు భావనలకు సంబంధించిన ప్రశ్నలకు మెరుగ్గా జవాబు చెప్పారనీ తేలింది. 2021లో మరో బృందం ఆ ప్రయోగాన్ని మళ్లీ చేసినప్పుడు, మాటకు మాట దించుకోవడం కనిపించింది కానీ, జవాబులలో అంతటి తేడా కనిపించలేదు. అందువల్ల టైపు చేస్తే చదువు పాడవుతుందని నేను అనను. అయితే తొమ్మిదో తరగతిలో గణితం, భౌతికశాస్త్రం, జీవశాస్త్రంలోని బొమ్మలు కీబోర్డుతో సాగవు. తెలుగు టైపింగ్ ఇంకా చేతికి అలవాటు కాకపోతే తెలుగు నోట్సు కూడా కుంటుతుంది. పెన్ను పనిచేసే ట్యాబే కొనండి. కీబోర్డు కవరును తర్వాత ఎప్పుడైనా కొనుక్కోవచ్చు, కాకపోతే మీరు తీసుకునే మోడల్‌కు అది దొరుకుతుందో లేదో బిల్లు కట్టకముందే దుకాణంలో అడగండి.