మార్లో లాకుల దగ్గర శవం: ఒక యువ రచయిత్రికి లేఖ

చిరంజీవికి ఆశీస్సులతో,

నువ్వు రెడింగ్ నుంచి పంపిన నాలుగు అధ్యాయాలూ అందాయి. మొదటిసారి కథ కోసం, రెండోసారి పెన్సిలు చేతపట్టుకుని చదివాను. థేమ్స్ నది ఒడ్డున ఉన్న మార్లో అనే చిన్న పట్నంలో పడవలను ఒక నీటి మట్టం నుంచి ఇంకో మట్టానికి దాటించే లాకులో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న ఒక ఉద్యోగి, చర్చి గంటలు మోగించే బృందంలోని ఒక మాజీ ఉపాధ్యాయురాలు, కూతురిని చూసిపోదామని తణుకు నుంచి ఆరు నెలల వీసా మీద వచ్చిన ఒక తల్లి కలిసి హత్య చిక్కుముడి విప్పడమనే ఊహ నాకు నచ్చింది. నచ్చనిదేమిటంటే, రెండో అధ్యాయం పూర్తయ్యేసరికి ఆ ముగ్గురూ పోలీసులైపోయారు. ఒకరు వేలిముద్రలు తీస్తున్నారు, ఒకరు ఫోను రికార్డులు సంపాదిస్తున్నారు, మూడో మనిషి తాళం విప్పి హతుడి ఇంట్లో జొరబడుతున్నారు. ఇవన్నీ చేయించదలిస్తే పోలీసులనే పెట్టుకోవచ్చు కదా అమ్మాయీ, వాళ్ళకు జీతం కూడా వస్తుంది.

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడని మన సామెత. ఇంగ్లండులోని చిన్న పట్నాలలో జరిగే అపరాధ పరిశోధన కథలన్నీ ఆ సామెతకు చెప్పిన సమాధానాలని నా అభిప్రాయం. ఈశ్వరుడు పట్టలేకపోవచ్చు గాని, అదే ఊళ్ళో ఉంటూ ఎవరు ఏ వేళకు లేస్తారో, ఎవరి కుక్క ఎవరిని చూస్తే మొరగదో ఎరిగిన పక్కింటి మనిషి పట్టగలదు. నీ ముగ్గురికీ ఉన్న ఆస్తి అదొక్కటే. వాళ్ళకు వారంటు లేదు, ప్రయోగశాల లేదు, ఎవరినీ కూర్చోబెట్టి ప్రశ్నించే హక్కు లేదు. అయితే వాళ్ళ ముందు ఊరు జాగ్రత్తపడదు. గుమ్మడికాయల దొంగ పోలీసు కనబడగానే భుజాలు బిగబట్టుకుని నిలబడగలడు. టీ కప్పు అందుకుంటూ, వాతావరణం గురించి మాట్లాడుతూ ఉన్నప్పుడే ఏమరుపాటున తడుముకుంటాడు. కాబట్టి నువ్వు రాసే ప్రతి ఆధారానికీ ఒక పరీక్ష పెట్టుకో: ఇది ఇన్‌స్పెక్టరుకు కూడా ఇంత సులువుగా దొరికేదేనా? దొరికేదైతే కొట్టివేసి, ఆ ఊళ్ళో ఏళ్ళ తరబడి బతికినవాళ్ళకు మాత్రమే తోచే దాన్ని వెతుక్కో.

వెతుక్కోవడానికి నీ కళ్ళెదుటే నది ఉంది. మన గోదావరి జిల్లాల వాళ్ళకు లాకులంటే విడమరిచి చెప్పనక్కరలేదు. ధవళేశ్వరం దగ్గర పడవలు కాలవలోకి దిగే చోటు నేను చిన్నప్పుడు గంటల తరబడి చూసేవాణ్ణి. థేమ్స్ మీద సముద్రపు ఆటుపోట్లు టెడింగ్టన్‌తో ఆగిపోతాయి. అక్కడి నుంచి ఎగువకు నదిని 40కి పైగా లాకులు, వాటి పక్కనుండే ఆనకట్టలు మెట్లు మెట్లుగా పట్టి ఉంచుతాయి. అందులో ఒకటి మార్లోలో వంతెనకు కొంచెం దిగువన ఉంది. ఎగువన టెంపుల్ లాకు దాటాక నీటిలో పడిన వస్తువు ఏదైనా చివరికి మార్లో ఆనకట్ట దగ్గరికి రావలసిందే. నీ కథలో శవం ఆనకట్టకు దిగువన రెల్లు పొదల్లో దొరికింది. అది ఆనకట్ట దాటి వచ్చిందా, దిగువనే నీటిలో పడిందా అన్న ప్రశ్న నాలుగు అధ్యాయాలలో ఒక్కరూ వేయలేదు. నీ విశ్రాంత లాకు ఉద్యోగి నోటి వెంట రావలసిన మొదటి మాట అదే.

ఈ విషయంలో నేనూ దెబ్బ తిన్నవాణ్ణే. నా తొలి నవలలో డిసెంబరు రాత్రి ఏటిలో పడేసిన శవాన్ని మర్నాడు ఉదయానికల్లా తేల్చి ఒడ్డుకు చేర్చాను. పుస్తకం వచ్చిన నెలకు ఒక లాంచీ సరంగు కార్డు ముక్క మీద ఉత్తరం రాశాడు. శవం ముందు మునుగుతుందని, లోపల కుళ్ళి గాలి పుట్టాకే పైకి తేలుతుందని, నీళ్ళు చల్లగా ఉన్నకొద్దీ అది ఆలస్యమవుతుందని, ఇంతమాత్రం తెలియనివాడు నది జోలికి రాకూడదని దాని సారాంశం. థేమ్స్ లాంటి చలినదిలో శీతకాలంలో వారాలు కూడా పట్టవచ్చు. నీ హత్య జనవరిలో జరిగింది, శవం రెండో రోజున తేలింది. ఆ సరంగు ఇప్పుడు లేడు గనుక ఆయన తరఫున నేను రాస్తున్నాను. రెండో రోజునే దొరకాలంటే తేలనివ్వకు. చెట్టు వేరుకో, పడవ తాడుకో తట్టుకుని నీటి అంచున ఆగినట్టు రాయి.

నీ మూడో అధ్యాయంలో ఒక బంగారు ముక్కను నువ్వే గమనించకుండా పారేశావు. తెల్లవారుజామున ఒంటరి పడవలో తెడ్లు వేస్తూ వంతెన నుంచి ఎగువకు వెళ్ళిన యువకుడు ‘ఎదురుగా గట్టు మీద ఎర్ర కోటు మనిషి నిలబడి ఉండగా చూశాను’ అని సాక్ష్యం చెబుతాడు. అమ్మాయీ, ఆ పడవలలో తెడ్లు వేసేవాడు పడవ ముక్కుకు వీపు పెట్టి కూర్చుంటాడు. తాను దాటివచ్చిన చోటు తప్ప పోబోయే చోటు అతనికి కనబడదు. పెద్ద పడవలలో చుక్కాని పట్టే మనిషి ఒక్కరే ముందుకు చూస్తారు. కాబట్టి నీ యువకుడు ఎర్ర కోటును ఎదురుగా చూడలేడు. చూశానంటే అబద్ధమైనా ఆడుతూ ఉండాలి, లేదా అతను చెప్పే దిశకు వ్యతిరేకంగా, అంటే పట్నం వైపు తిరిగి వస్తూ అయినా ఉండాలి. నువ్వు దీన్ని పొరపాటుగా రాశావని తెలుసు. పొరపాటును దిద్దవద్దు, దాన్నే ఆధారం చేయి. పడవ పందేల వీరుడు స్టీవ్ రెడ్‌గ్రేవ్ పుట్టిన ఊరది. 1984 నుంచి 2000 వరకు వరుసగా ఐదు ఒలింపిక్స్‌లో స్వర్ణాలు గెలిచిన ఆయన విగ్రహం నది పక్క పార్కులోనే ఉంది. అలాంటి ఊళ్ళో పడవ పందేల గురించి తెలిసిన మనిషి ఆ సాక్ష్యం వినగానే కనుబొమలు పైకెత్తాలి. ఆ కనుబొమల గురించి ఒక్క వాక్యం రాసి వదిలేయి, వివరణ పన్నెండో అధ్యాయం దాకా ఇవ్వకు.

దానికి జతగా ఇంకొకటి. నదిలో వరద ఉద్ధృతి పెరిగినప్పుడు లాకుల దగ్గర పలకలు పెడతారు. పసుపు పలక ప్రవాహం పెరుగుతోందనో తగ్గుతోందనో చెబుతుంది. ఎర్ర పలక ఉంటే ప్రవాహం బలంగా ఉందని, ఏ పడవా నదిలో తిరగవద్దని అర్థం. జనవరిలో ఎర్ర పలక అరుదేమీ కాదు. ఆ ఉదయం ఎర్ర పలక ఉండి ఉంటే నీ యువకుడు అసలు పడవ ఎక్కాడా? ఏ రోజు ఏ పలక ఉందో ఇన్‌స్పెక్టరు కావాలంటే కనుక్కోగలడు, కాని అడగాలని అతనికి తోచాలి. ముప్పై ఏళ్ళు లాకు తలుపులు తిప్పిన ముసలాయనకు అది నిద్రలో కూడా తోస్తుంది.

ఊరి మిగతా నిర్మాణం గురించి ఎక్కువ చెప్పను, నువ్వే నడిచి చూడు. విలియం టియర్నీ క్లార్క్ కట్టిన వేలాడే వంతెన 1832లో పూర్తయింది. బుడాపెస్టులోని గొలుసుల వంతెనకు రూపకల్పన చేసిందీ ఆయనే. దాని మీద మూడు టన్నులకు మించిన బండి పోరాదు. 2016లో 37 టన్నుల లారీ ఒకటి ఎక్కబోతే తనిఖీల కోసం దాదాపు రెండు నెలలు మూసేశారు. నీ హంతకుడు వ్యానులో సామానుతో నది దాటాడని రాశావు. ఆ వ్యాను బరువెంత? వంతెన కాదంటే బైపాస్ చుట్టి రావాలి, అప్పుడు నువ్వు వేసిన నిమిషాల లెక్క తప్పుతుంది. మెయిడెన్‌హెడ్ నుంచి వచ్చే రైలు కూడా అంతే. బోర్న్ ఎండ్ స్టేషనులో డ్రైవరు ఒక చివర నుంచి రెండో చివరకు నడిచి వెళ్ళి బండిని వెనక్కి తిప్పుకుని మార్లోకు రావాలి. ‘మార్లో గాడిద’ అని ముద్దుపేరున్న ఆ ఒకే లైను మీద నడిచే బండిలో వచ్చానన్న మనిషి కిటికీ పక్క ఏ వైపు కూర్చున్నాడో, సగం దారిలో నది ఏ వైపుకు మారిందో చెప్పలేకపోతే చాలు, అబద్ధం బయటపడుతుంది. మేరీ షెల్లీ 1817లో ఆ ఊళ్ళోనే ఉండి తన భయానక నవలను ముగించిందన్న సంగతిని మాత్రం కథలోకి ఈడ్చుకురాకు. పర్యాటకుల కరపత్రంలో ఉన్నది నవలలో ఉండనక్కరలేదు.

ఇక చట్టం. ఇక్కడ నువ్వు బద్ధకించావు. అనుమానాస్పద మరణం సంభవిస్తే ఆ దేశంలో కరోనర్ అనే మరణ విచారణాధికారి విచారణ చేస్తారు, శవం ఎవరి పరిధిలో ఉంటే బాధ్యత వారిది. మార్లో బకింగ్‌హామ్‌షైర్‌లో ఉంది, వంతెన దాటితే బర్క్‌షైర్. పోలీసులు రెండింటికీ ఒక్కరే, థేమ్స్ వ్యాలీ పోలీసులు. కరోనర్లు మాత్రం వేరు. రెల్లు పొద ఏ గట్టున ఉందన్నది అందుచేత చిన్న సంగతి కాదు. అంతకన్నా నీకు పనికొచ్చేదేమిటంటే, కరోనర్ విచారణకు సామాన్యులు వెళ్ళి కూర్చోవచ్చు. మరణించినది ఎవరు, ఎప్పుడు, ఎక్కడ, ఎలా అన్నవే అక్కడ తేలుస్తారు. ఫలానా వ్యక్తి నేరస్థుడని అక్కడ తీర్పు చెప్పకూడదు. హత్యానేరం మోపాక మామూలుగా కరోనర్ విచారణ ఆగి, విషయం క్రిమినల్ కోర్టుకు పోతుంది. తాళాలు పగలగొట్టి తెలుసుకోవాలని నువ్వు ఆరాటపడిన సంగతుల్లో సగం, నీ ముగ్గురూ ఆ హాల్లో వెనక వరుసలో కూర్చుని వినగలరు. పైగా జొరబడి తెచ్చిన వస్తువు ఎక్కడిదో, ఎవరి చేతులు మారిందో తెలియకపోతే కోర్టులో దాన్ని చీల్చి చెండాడతారు. నీ ఉపాధ్యాయురాలు సంచిలో వేసుకుని తెచ్చిన ఆ గ్లాసు హంతకుణ్ణి పట్టించడం మాట అటుంచి, విడిపించడానికి పనికొస్తుంది.

ఆయుధం గురించి రెండు మాటలు. 1996లో డన్‌బ్లేన్ పాఠశాల కాల్పుల తరువాత 1997లో చట్టాలు చేసి చేతి తుపాకులను దాదాపు పూర్తిగా నిషేధించారు. నీ పాత్ర సొరుగు లాగి పిస్తోలు తీస్తే, అది ఎక్కడిదన్నది హత్య కన్నా పెద్ద చిక్కుముడి అవుతుంది. విషం పెట్టదలిస్తే ముందు చదువుకో. మార్లోకు ఎగువన అదే నది ఒడ్డున వాలింగ్‌ఫర్డ్‌లో దశాబ్దాలు నివసించి 1976లో అక్కడే కన్నుమూసిన అగాథా క్రిస్టీ, మొదటి ప్రపంచ యుద్ధకాలంలో ఆస్పత్రి మందుల గదిలో పనిచేసి విషాల సంగతి నేర్చుకున్నారు. 1920లో వచ్చిన ఆమె తొలి నవలను ఔషధ నిపుణుల పత్రిక సమీక్షించి మెచ్చుకుంది. ఆవిడంత శ్రద్ధ మనకు లేకపోతే మనిషిని నీటిలోకి తోయడమే మేలు.

తణుకు తల్లి గురించి. ఆమెను నువ్వు నవ్వు పుట్టించడానికి వాడుకున్నావు. ఇంగ్లీషు రాక తప్పు బస్సు ఎక్కుతుంది, మంచు చూసి ఉప్పనుకుంటుంది. ఇది నాకు నచ్చలేదు, అసలు ఆమె తరం ఆడవాళ్ళను నువ్వు సరిగా చూశావా అని కూడా అనుమానం కలిగింది. భాష రాని మనిషి మాటలను వదిలి చేతులను, ముఖాలను చూస్తుంది. రోజూ ఒకే వేళకు నది గట్టు మీద నడుస్తుంది, ఎవరూ ఆమెను పట్టించుకోరు. 1929లో రొనాల్డ్ నాక్స్ అనే ఇంగ్లీషు రచయిత ఈ ప్రక్రియకు పది నియమాలు రాస్తూ, కథలో చైనావాడు ఉండరాదని ఒకటి చేర్చాడు. అప్పటి చౌకబారు రచయితలు పరదేశిని చూపిస్తే చాలు విలన్ దొరికాడనుకునేవారు, అందుకని. నువ్వు పరదేశిని విలన్ చేయలేదు, విదూషకుణ్ణి చేశావు. రెండూ ఒకే బద్ధకం. పరదేశి కళ్ళతో ఊరిని చూపించు. ఆరు నెలల వీసా గడువు ఉండనే ఉంది, అది ముంచుకొస్తున్నకొద్దీ కథకు దానంతట అదే వేగం వస్తుంది.

ఇంకొక మాట. మార్లో నేపథ్యంగా 2021 నుంచే ఒక ప్రసిద్ధ నవలల వరుస వస్తోంది, టీవీకి కూడా ఎక్కింది. నువ్వు చదివే ఉంటావు. రాస్తున్నంత కాలం మళ్ళీ ముట్టుకోకు. ఎంత వద్దనుకున్నా వాసన అంటుకుంటుంది.

హతుడి గురించి నీకు నాలుగు వాక్యాలే ఉన్నాయి, అందులో రెండు అతని కోటు గురించి. అతని కోసం ఏడ్చినవాళ్ళు ఎవరు? చిన్న ఊళ్ళో చావు అంటే చర్చిలో ఒక కుర్చీ ఖాళీ కావడం, పాలవాడు సీసా పెట్టాలా వద్దా అని గడపలో ఆగడం. హాస్యం ఎంతైనా పెట్టు, ఈ రకం కథలకు అది అవసరం కూడా, కాని శవం దగ్గర ఒక్క పేజీ నవ్వకుండా నిలబడు.

చివరి అధ్యాయం సారాంశం కూడా పంపావు: హంతకుడు దొరకగానే ముగ్గురూ కేకు కోసుకుంటారు. 1930లలో ఇలాంటి కథ వెనుక ఉరికొయ్య ఉండేది, రచయితలు దాన్ని చూపకుండా తెర దించేవారు. బ్రిటన్‌లో హత్యకు ఉరిశిక్ష 1965లో ఆగిపోయి 1969లో శాశ్వతంగా రద్దయింది. ఇప్పుడు యావజ్జీవం, కనీసం ఎన్నేళ్ళు లోపల ఉండాలో జడ్జి చెబుతారు. అంటే హంతకుడు బతికే ఉంటాడు. అతని భార్య అదే వీధిలో ఉంటుంది. ఉపాధ్యాయురాలికి ఆమె ఆదివారం గంటలు మోగించేచోట ఎదురవుతుంది. పట్టించినవాళ్ళకు బదిలీ ఉండదు, వాళ్ళు ఆ ఊళ్ళోనే కూరగాయలు కొనుక్కోవాలి. ఆ మొదటి ఆదివారం రాసి చూడు. కేకు సంగతి తరువాత ఆలోచిద్దాం.

ఐదో అధ్యాయం మొదలుపెట్టే ముందు తెల్లవారకముందే ఒకసారి మార్లో వెళ్ళు. లాకు దగ్గర ఆ పూట ఏ రంగు పలక ఉందో, ఆనకట్ట హోరులో పక్కమనిషి మాట ఎన్ని అడుగుల దూరం దాకా వినబడుతోందో రాసి పంపు. నీ కథలో అరుపు విన్నానన్న సాక్షి నిజంగా విన్నదో లేదో అప్పుడు తేలుతుంది.

ఇట్లు,
నీ శ్రేయోభిలాషి