క్వారీ గురించి నిపుణుల కమిటీకి రాస్తే పట్టించుకుంటారా?

ఒడిశాలోని రాయగడ జిల్లాలో మీ ఊరి పక్కన రాతి క్వారీ వస్తోందని, పర్యావరణ అనుమతి దరఖాస్తులను పరిశీలించే భువనేశ్వర్‌లోని నిపుణుల కమిటీకి మామూలు రైతులు రాస్తే చదువుతారా అని అడిగారు. చదువుతారు. కాకపోతే "దుమ్ము వస్తుంది, పంటలు పోతాయి" అని గోడు వెళ్లబోసుకుంటే లాభం లేదు. ఆ మాట ప్రతి ఉత్తరంలోనూ ఉంటుంది. వాళ్ల ముందుండేది క్వారీ వల్ల పర్యావరణానికి ఏమవుతుందో చెబుతూ కంపెనీ ఇచ్చిన నివేదిక. అందులో ఏ పేజీలో ఏం తప్పు రాశారో చూపించాలి.

మాది గుణుపురం వైపు. మా దగ్గర క్వారీకి దరఖాస్తు పడినప్పుడు ముసాయిదా నివేదిక చూస్తే, మా గెడ్డను నీళ్లు లేని వాగుగా రాసి పెట్టారు. నేల, నీరు, గాలి కొలతలు సాధారణంగా వానాకాలం వదిలేసి ఒక్క సీజన్‌లోనే తీస్తారు, పద్ధతే అలా ఉంది. ఎండాకాలంలో మా గెడ్డలో ఇసుక తప్ప ఏముంటుంది? శ్రావణంలో అయితే ఆడవాళ్లు చీర కుచ్చిళ్లు ఎగదోపుకుని, మోకాలి లోతు నీళ్లు దాటి ఊడుపులకు వెళ్తారు. తేదీ, లొకేషన్ పడేలా ఆ ఫొటోలు తీశాం. గెడ్డ నీళ్లతో పండే పొలాల ప్లాట్ నంబర్లు, రైతుల సంతకాలు కలిపి కమిటీకి రిజిస్టర్డ్ పోస్టులో పంపాం, కాపీ కాలుష్య నియంత్రణ మండలికి. గెడ్డ సంగతేమిటో తేల్చమని కమిటీ కంపెనీని అడిగింది. క్వారీ అయితే ఆగలేదు. గెడ్డ వైపు కొంత మేర వదిలి హద్దులు మార్చుకున్నారు. మాకు కావలసిందీ అదే.

ఈ కమిటీ సిఫారసు మాత్రమే చేస్తుంది, అనుమతి ఇచ్చేది రాష్ట్ర పర్యావరణ ప్రభావ మదింపు సంస్థ. సిఫారసు వెళ్లకముందే మన మాట చేరాలి కాబట్టి, మీ ఫైలు కమిటీ అజెండాలోకి రాకముందే ఉత్తరం అందాలి. పర్యావరణ అనుమతుల ఫైళ్లు కనిపించే ప్రభుత్వ వెబ్‌సైట్ పరివేష్ పోర్టల్‌లో చూస్తూ ఉండండి.

ప్రజాభిప్రాయ సేకరణ ఉంటే కనీసం 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. చిన్న క్వారీలకు అదీ ఉండకపోవచ్చు. సభ చివర్లో, ఎవరేమన్నారో స్థానిక భాషలో చదివి వినిపించాలని 2006 నాటి పర్యావరణ ప్రభావ మదింపు నోటిఫికేషన్‌లోనే ఉంది. భోజనం ప్యాకెట్లు రాగానే జనం లేచిపోతారు, మీరు మాత్రం కదలకండి. మీ పెద్దలు తెలుగులో చెప్పినది వదిలేస్తే అక్కడే లేచి అడగండి.

ఇంత చేసినా అనుమతి ఇచ్చేస్తే, 30 రోజుల్లోపు జాతీయ హరిత ట్రైబ్యునల్‌లో అప్పీలు వేయాలి. ఒడిశా వాళ్లకు కోల్‌కతా బెంచ్. సరైన కారణం చూపిస్తే ఇంకో 60 రోజుల వరకు గడువు ఇవ్వొచ్చు, ఆ తర్వాత తీసుకోరు.