పాత ఫ్రిజ్, మంచం ఆన్‌లైన్‌లో ఎక్కడ అమ్మితే క్షేమం?

ఇల్లు మారుతున్నాం, ఫ్రిజ్, డబుల్ కాట్ అమ్మేయాలి, కానీ ఓఎల్‌ఎక్స్‌లో పెట్టాలంటే భయం అన్నారు కదా. ముందు మీ అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఫొటోలు పెట్టండి. ఓ ఐదొందలు తక్కువొచ్చినా కొనేది పై ఫ్లోర్ వాళ్లే, మంచం విప్పి మోసుకెళ్లే బాధా వాళ్లదే.

అక్కడ పోకపోతే ఓఎల్‌ఎక్స్, ఫేస్‌బుక్ మార్కెట్‌ప్లేస్ ఉన్నాయి. ఇలాంటి చోట్ల డబ్బు, సరుకు చేతులు మారేది సాధారణంగా మీ ఇద్దరి మధ్యే, జాగ్రత్త అక్కడే కావాలి.

నేను సోఫా పెట్టిన పది నిమిషాలకే ఒకాయన ఫోన్ చేశాడు. బేరం లేదు, వచ్చి చూస్తాననడం లేదు. ఆర్మీలో ఉద్యోగమట, ట్రాన్స్‌ఫరట. ఐడీ కార్డు ఫొటో కూడా పంపాడు. ఆ వెనకే ఒక క్యూఆర్ కోడ్: "స్కాన్ చేసి పిన్ కొట్టండి సార్, డబ్బు పడిపోతుంది." పడదు, పోతుంది! యూపీఐలో డబ్బు అందుకోవడానికి పిన్ అక్కర్లేదు, పంపడానికే కావాలి. అసలు బేరమాడకుండా సెకండ్ హ్యాండ్ సోఫా కొనేవాళ్లు మన దగ్గర ఎవరున్నారు చెప్పండి?

కొనేవాళ్లు పగలు వచ్చేలా చూసుకోండి, ఇంట్లో ఇంకొకరు ఉంటే మంచిది. "పేమెంట్ అయింది" అని స్క్రీన్‌షాట్ చూపిస్తే సరిపోదు, మీ బ్యాంకు యాప్‌లో బ్యాలెన్స్ చూసుకున్నాకే సరుకు కదలనివ్వండి. పాత ఫోన్ కూడా అమ్ముతుంటే ఫ్యాక్టరీ రీసెట్ చేయండి. ఒకవేళ డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. గంటలు గడిచేకొద్దీ డబ్బు అకౌంట్లు మారిపోతుంటుంది.