గ్యోంగ్జు ఒక్కరోజులో చూసి రావచ్చా? ఏ కాలంలో వెళ్తే బాగుంటుంది?

దక్షిణ కొరియాలో బూసాన్ నుంచి పొద్దున వెళ్ళి రాత్రికి తిరిగొచ్చేలా గ్యోంగ్జు ఊరు చూడొచ్చా, చెర్రీ పూల కాలంలోనే వెళ్ళాలా అని అడిగారు. చూసి రావచ్చు. కానీ నన్నడిగితే ఒక రాత్రి అక్కడ ఉండండి, కుదిరితే నవంబరు మొదట్లో వెళ్ళండి అంటాను. పక్కనే ఉన్న ఉల్సాన్‌లో ఉద్యోగం చేసే రోజుల్లో శనివారం వస్తే చాలు, నా కాళ్ళు గ్యోంగ్జు బస్సు వైపే లాగేవి. అందుకని నా మాటల్లో కాస్త పక్షపాతం ఉంటుంది, సర్దుకోండి.

ముందొక జాగ్రత్త. గ్వాంగ్జు అని నైరుతి మూలన ఇంకో పెద్ద నగరం ఉంది. టికెట్ తీసుకునేటప్పుడు స్పెల్లింగ్ రెండుసార్లు చూసుకోండి.

సంప్రదాయం చెప్పే లెక్కలో క్రీ.పూ. 57 నుంచి క్రీ.శ. 935 వరకు, అంటే దాదాపు వెయ్యేళ్ళు, సిల్లా రాజ్యానికి ఇదే రాజధాని. అయితే ఊళ్ళోకి అడుగు పెట్టగానే కోటలూ గోపురాలూ ఏమీ కనపడవు. కనపడేవి సమాధులు. గడ్డి కప్పిన గుండ్రటి మట్టి గుట్టలు, కొన్నయితే ఏడంతస్తుల మేడంత ఎత్తు. వాటి పక్కనే కాఫీ హోటళ్ళు, ఇళ్ళు, సైకిళ్ళు అద్దెకిచ్చే కొట్లు. రాజులు పోయి పదిహేను వందల ఏళ్ళయినా ఊరు వాళ్ళను వదిలి ఎటూ పోలేదు. దేరుంగ్‌వన్ అనే ఆవరణలో ఇలాంటివి 23 గుట్టలున్నాయి. 1973లో తవ్విన చొన్‌మాచోంగ్ లోపలికి వెళ్ళి చూడొచ్చు. భూర్జపత్రం మీద గీసిన ఎగిరే గుర్రం బొమ్మ దొరికింది అందులోనే. దాని దగ్గర్లో రెండు గుట్టలు అతుక్కున్నట్టు ఉండే పెద్ద సమాధి ఒకటుంది. భార్యాభర్తలదని అంటారు. అసలు బంగారు కిరీటం దొరికింది ఆవిడ వైపు. ఆయన వైపు దొరికింది బంగారు పూత పూసిన కంచుది! ఈ ఒక్క విషయం మీద ఎంతసేపైనా ఆలోచించుకోవచ్చు.

ఇక బుల్‌గుక్సా. 751లో కిమ్ దేసొంగ్ అనే మంత్రి కట్టించడం మొదలుపెట్టిన గుడి ఇది. 1593లో జపాను సైన్యం తగలబెట్టింది. ఇప్పుడు మనం చూసే చెక్క కట్టడాలు తర్వాతి కాలాలవి, రాతి పని మాత్రం చాలావరకు అప్పటిది. అందుకే రంగుల దూలాల కంటే ముందు రాళ్ళు చూడండి. ముందువైపు అరుగు గోడ దగ్గర వంగి చూస్తే, కింద చెక్కకుండా వదిలేసిన గుండ్రాళ్ళు ఉంటాయి. వాటి వంకర ఎలా ఉందో అచ్చం అలాగే పై రాయి అడుగును కోసి కూర్చారు. కింది రాయిని చదును చేస్తే సగం పనిలో అయిపోయేది. చేయలేదు.

లోపలి వాకిట్లో రెండు రాతి స్తూపాలు ఎదురెదురుగా ఉంటాయి. ఒకటి దబోతాప్, నగిషీలన్నీ దానివే. పది వోన్ల నాణెం మీద ఉండేది ఇదే. రెండోది సొక్‌గాతాప్, అలంకారం ఏమీ లేని మూడంతస్తులు. సద్ధర్మ పుండరీక సూత్రం అనే బౌద్ధ గ్రంథంలో శాక్యముని బోధిస్తుంటే భూమిలోంచి రత్నాల స్తూపం లేచి, అందులోంచి ప్రభూతరత్న బుద్ధుడు అది సత్యమని పలుకుతాడు. ఆ ఇద్దరే ఈ రెండు స్తూపాలు. అందరూ దబోతాప్ ముందు ఫొటోలు దిగి వెళ్ళిపోతారు. నాకు మాత్రం రెండోదే ఇష్టం. 1966లో దాన్ని బాగుచేస్తుంటే లోపల చెక్క అచ్చుతో ముద్రించిన ధారణీ సూత్రం (బౌద్ధ మంత్రాల పాఠం) చుట్ట బయటపడింది. ప్రపంచంలో మిగిలిన అతి పాత ముద్రణల్లో దాన్నొకటిగా లెక్కిస్తారు.

పైన కొండ మీద సొక్కురామ్ అనే బుద్ధుడి గుడి. గుడి దగ్గర్నుంచి కొండబాటలో గంట నడక, ఓపిక లేకపోతే బస్సుంది. ఇది మన బొజ్జన్నకొండలోలా రాతిని తొలిచిన గుహ కాదు. అక్కడి రాయి గట్టి గ్రానైట్, అందుకని పలకలు కోసి గోపురంలా పేర్చి పైన మట్టి కప్పారు. లోపల భూమిస్పర్శ ముద్రలో, అంటే కుడిచేయి నేల వైపు చాచి, తూర్పు సముద్రం వైపు చూస్తూ కూర్చున్న బుద్ధుడు. వలస పాలన కాలంలో జపాను వాళ్ళు సిమెంటు పోసి చేసిన మరమ్మతుతో లోపల చెమ్మ చేరడం మొదలైంది. ఇప్పుడు అద్దం బయట నుంచే చూడాలి, ఫొటోలు తీయనివ్వరు. ఇంత దూరం వచ్చి అద్దంలోంచా అని నిట్టూర్చే వాళ్ళు చాలామందే ఉంటారు. జనం తక్కువున్న పొద్దుటి పూట వెళ్తే ఆ ముఖం ముందు రెండు నిమిషాలు నిలబడనిస్తారు, అది చాలు. 2023 మే నుంచి ఈ రెండు చోట్లా ప్రవేశ రుసుము లేదు.

కాలం సంగతి. చెర్రీ పూలు మార్చి చివర్లో, ఏప్రిల్ మొదట్లో. బోమున్ చెరువు చుట్టూ, సమాధుల గోడల వెంట బాగుంటాయి, కాదనను. కానీ ఒక గాలివాన వస్తే అయిపోయే పూల కోసం హోటల్ ధరలూ ట్రాఫిక్కూ భరించాలి. ఎండాకాలం వోల్జి కొలను పక్కన తామరలు పూస్తాయి, ఉక్క మాత్రం మన విజయవాడను మరిపించదు గానీ దగ్గర్లోనే ఉంటుంది. శరత్తులో చొంసొంగ్‌దే దగ్గర గులాబీ రంగు గడ్డి కోసం జనం ఎగబడతారు. సొందొక్ రాణి కాలంలో, అంటే 632-647 మధ్య, నక్షత్రాలను చూడటానికి కట్టిన వేధశాల అది. పక్కనున్న ఆ గడ్డేమో అమెరికాది. నవంబరు మొదట్లో వెళ్ళమన్నది మాత్రం బుల్‌గుక్సాలో మేపుల్ ఆకులు ఎర్రబడతాయి కాబట్టి. చలి కూడా స్వెట్టరుతో సరిపోతుంది.

రాత్రి ఉండమనడానికి కారణం వోల్జి. 674లో మున్ము రాజు తవ్వించిన కొలను. చీకటి పడ్డాక దీపాలు వెలిగించిన మండపాలు నీళ్ళలో తలకిందులుగా కనపడతాయి. సెలవు రోజుల్లో తిరునాళ్ళే, అయినా వెళ్ళండి. మర్నాడు పొద్దున్నే నామ్‌సాన్ కొండ ఎక్కండి. సామ్‌నుంగ్ అనే సమాధుల వైపు నుంచి వంకర తిరిగిన పైన్ చెట్ల మధ్య దారి. పైకి పోయేకొద్దీ బండల మీద గీసిన బుద్ధులు, తల లేని విగ్రహం, ఎవరో పెట్టిన నీళ్ళ సీసా, ఆపిల్ పండు. ఎత్తు ఐదొందల మీటర్ల లోపే. ఒక్కరోజు టూరు బస్సులు ఇక్కడికి రావు. నా లెక్కలో గ్యోంగ్జు అంటే ఇదే.

తిండి దగ్గర శాకాహారులకు ఇబ్బందే. కూరగాయల పులుసు అన్నదాంట్లో కూడా ఎండుచేపల రసం ఉంటుంది, కిమ్చీలో చేపల సాస్ పడుతుంది. "గోగి ప్పె జుసెయో" అంటే మాంసం తీసేస్తారు, చేపను మాంసం లెక్కలో వేయకపోవచ్చు, కాబట్టి విడిగా చెప్పండి. నిశ్చింతగా తినాలంటే గుడిలో బస చేయండి. కొరియా బౌద్ధ గుళ్ళలో మాంసం, చేపలే కాదు, ఉల్లి వెల్లుల్లి కూడా వాడరు. మా అమ్మ కార్తీక మాసం వంటలా ఉంటుంది. నేను ఉన్న గుడిలో భోజనం అయ్యాక ముల్లంగి ఊరగాయ ముక్కతో గిన్నెలు తుడిచి, ఆ నీళ్ళు మనమే తాగాలి. మెతుకు మిగలకూడదు. ఇష్టం లేకపోతే ముందే వడ్డన తగ్గించమనండి.

సియోల్ నుంచి కేటీఎక్స్ అనే హైస్పీడ్ రైల్లో రెండు గంటలు, బూసాన్ నుంచి అరగంట. స్టేషన్ ఊరికి దూరం, అక్కడి నుంచి సిటీ బస్సు పట్టుకోవాలి. ఊళ్ళో తిరగడానికి 10, 11 నంబరు బస్సులు బోమున్, బుల్‌గుక్సా మీదుగా చుట్టుతిరుగుతాయి, ఒకటి ఇటు, ఇంకోటి అటు. దారికి ఫోన్లో నేవర్ మ్యాప్ అనే కొరియా యాప్ వేసుకోండి, గూగుల్‌ని నమ్ముకోకండి. ఎన్ని రోజులున్నాయో, పిల్లలతో వెళ్తున్నారో లేదో చెప్తే బస ఎటువైపు తీసుకోవాలో కామెంట్లో రాస్తాను.