కుదుళ్లు బ్రౌన్, కింద నలుపు!

ప్రశ్న: రెండేళ్లుగా నల్ల డై వేస్తున్నాను. ఈసారి 5.3 బ్రౌన్ వేస్తే కుదుళ్ల దగ్గరే రంగొచ్చింది. డై నకిలీదా?
– ఓ పాఠకురాలు, మారతహళ్లి, బెంగళూరు

జవాబు: కాదమ్మా. చుక్క ముందు అంకె రంగు ఎంత ముదురో చెబుతుంది: 1 నలుపు, 10 బాగా లేత. తర్వాతది ఛాయ, 3 అంటే సాధారణంగా బంగారు ఛాయ. డైలోని అమ్మోనియా వెంట్రుక పైపొరను తెరుస్తుంది. పెరాక్సైడ్ సహజమైన నలుపును కొంత తగ్గించి, లోపల కొత్త రంగును పుట్టిస్తుంది. పాత డైని మాత్రం తీయలేదు. అందుకే కొత్తగా పెరిగిన జుట్టే మారింది.

మళ్లీ మళ్లీ వేయకండి. మా చెల్లెలు అలాగే వేసి జుట్టు పీచులా చేసుకుంది, చూసి ఏడుపొచ్చింది నాకు. పాత రంగు తీయించడం పార్లర్ పని. టెన్షన్ వద్దు, కుదుళ్లకు 4 వేస్తే తేడా తగ్గుతుంది. డబ్బా మారితే ముందు కాస్త డై చెవి వెనుక రాసి, అలర్జీ వస్తుందేమో 48 గంటలు చూడండి.