కాల్షియం సంగతి తర్వాత, ముందు ఆ జొన్న కోయకండి

ప్రశ్న: నాకు నాలుగు ముర్రా గేదెలున్నాయి. ఈని నాలుగు నెలలైంది. ఎండలు ముదిరాక పాలు 8 లీటర్ల నుంచి 6కి, వెన్న 7 శాతం నుంచి 5కి పడిపోయాయి. మందుల షాపులో కాల్షియం లోపమన్నారు. రెండు డబ్బాలు పట్టించినా ఫలితం లేదు. పూటకు రెండు కిలోల దాణా, నూకల జావ, బాపట్ల వైపు నుంచి తెచ్చిన వరిగడ్డి వేస్తున్నాను. గడ్డి కాస్త నల్లగా ఉంది, సరిగా తినడం లేదు. పేడ పలచగా పడుతోంది. నెల కిందట వేసిన జొన్న నీళ్లందక వాడిపోతోంది, ఎండేలోపు కోసి వేద్దామనుకుంటున్నా. ఏ కంపెనీ కాల్షియం మంచిది?
– ఒక రైతు, మార్కాపురం ప్రాంతం

జవాబు: మీరు చివర్లో రాసిన జొన్నే అన్నిటికంటే ప్రమాదం. నెల వయసు జొన్న, అందులోనూ బెట్టకు వాడిపోయింది, సైనైడ్ విషం బాగా ఎక్కువగా ఉంటుంది, ఆకలితో ఉన్న గేదె కడుపునిండా మేస్తే గంటలోపే పడిపోవచ్చు. తడి పెట్టి పూత దశ దాకా ఆగండి. ఇప్పుడు యూరియా చల్లకండి, విషం ఇంకా పెరుగుతుంది. వాన పడ్డాక వచ్చే కొత్త పిలకలూ అంతే. పూతకొచ్చాక కూడా కోసి ఒక పూట ఎండనిచ్చి, ఎండుగడ్డితో కలిపి వేయండి. ఎప్పుడైనా మేసిన పశువు ఆయాసపడుతూ తూలితే నాటు వైద్యాలు పెట్టుకోకుండా వెంటనే పశువుల అంబులెన్స్ నంబరు 1962కి ఫోన్ చేయండి.

ఇక వెన్న. కాల్షియం లోపంతో పాలజ్వరం వస్తుంది, అది ఎక్కువగా ఈనిన మూడు రోజుల్లోపు వచ్చేది. ఈని నాలుగు నెలలైన గేదెకు వెన్న తగ్గితే డబ్బా అమ్మినవాడు కనీసం మేత ఏమిటని అడగాలి కదా! మీ గేదెలకు పీచు అందడం లేదు. ఎండకు పశువు ముందు ఎండుమేతే తగ్గించేస్తుంది, పైగా మీది బూజు గడ్డి, ఆ లోటులో మీరు నూకల జావ పోస్తున్నారు. పొట్ట పులుస్తుంది, నెమరు తగ్గుతుంది, వెన్న పడిపోతుంది. పేడ పలచబడింది అందుకే.

జావ ఇవాళే ఆపండి. తినేసోడా గేదెకు రోజుకు 100 గ్రాములు దాణాలో కలిపి వారం ఇవ్వండి. ఖనిజ లవణ మిశ్రమం 50, ఉప్పు 30 గ్రాములు రోజూ, ఏడాది పొడవునా. కాల్షియం అందులోనే ఉంది. దాణా ఇప్పుడిస్తున్నంత చాలు. ఎండుమేత తెల్లవారుజామున, పొద్దుగూకాక వేయండి, నీళ్లు మాత్రం ఎప్పుడూ తొట్టిలో ఉండాలి.

నల్లబడ్డ గడ్డి పారేయండి. బూజు గడ్డి తిన్న గేదెలకు తోక చివర, చెవులు ఎండిపోయి, గిట్టల దగ్గర పుండ్లు పడతాయి. ఈమధ్య కోతల వేళకే తుఫాన్లు వస్తున్నాయి. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ బాపట్ల దగ్గరే తీరం దాటింది, అలా తడిసిన గడ్డి కట్టలు కట్టి అమ్మితే లోపల ఏముందో మీకు తెలియదు. కట్ట మధ్యలో చెయ్యి పెట్టి చూడండి. వేడిగా, ముక్కిన వాసనగా ఉంటే కొనవద్దు.

మంచి వరిగడ్డిలో కూడా మాంసకృత్తులు 3-4 శాతమే. 100 కిలోల గడ్డికి 4 కిలోల యూరియాను 60 లీటర్ల నీళ్లలో కరిగించి, పొరలు పొరలుగా చల్లి, బాగా తొక్కి, గాలి చొరకుండా పట్టా కప్పి 21 రోజులు ఉంచితే అది 7-8కి పెరుగుతుంది. వేసే ముందు కొన్ని గంటలు ఆరబెట్టి ఘాటు పోనివ్వాలి, కొద్దికొద్దిగా అలవాటు చేయాలి, ఆరు నెలల లోపు దూడలకు వద్దు. యూరియా నీళ్లు నేరుగా తొట్టిలో పోశారో, పశువు చస్తుంది. బూజు పట్టిన గడ్డి యూరియాతో బాగుపడదు, ఆ ప్రయోగం చేయకండి.

రెండు వారాల్లో వెన్న కదలకపోతే పాలు పశువైద్యశాలకు తీసుకెళ్లి పొదుగువాపు పరీక్ష చేయించండి.